అత్తమ్మ కావడి

కావడి మోయడానికి వంతులు వేసుకున్నప్పుడు ముగ్గురున్నారు. చూస్తుండగానే ఇద్దరు జారుకున్నారు. మిగిలింది కోడలు స్వరూప ఒక్కతే.

జారుకున్నారంటే నింద వేసినట్టుంటుంది గానీ, ఆ యంత్రం పక్కన ఒక్కసారి కూర్చున్నవాళ్లెవరూ వాళ్లను నిందించరు. మొదట కూర్చున్నది కొడుకు సదానందం. హనుమకొండ చౌరస్తాలో ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం నడిపే మనిషి, వైర్లన్నా కరెంటన్నా బెదురు లేనివాడు. తలకు పెట్టిన తొడుగు తీసేసరికి కుర్చీలోంచి లేవలేక, చెప్పులెక్కడ విడిచాడో గుర్తురాక, చంటిపిల్లాడిలా ఏడ్చాడు. రెండు రోజులు దుకాణం షట్టర్ ఎత్తలేదు. మళ్లీ వంతు వచ్చినప్పుడు జీఎస్టీ వాళ్లు వస్తున్నారన్నాడు. ఆ తర్వాతి వంతుకు గోదాములో నీళ్లొచ్చాయన్నాడు. కూతురు విజయ కాజీపేట నుంచి నాలుగైదుసార్లు వచ్చి కూర్చుంది. ఆమెకు బీపీ ఉంది. "మా ఆయన వద్దంటాండు వదినె" అని ఫోన్లో చెప్పింది, పెట్టేయలేదు. స్వరూపే "సరే తియ్, నేను పోతా" అంది. ఇంటికొచ్చిన ఏ బరువైనా తిరిగి తిరిగి చివరికి కోడలి దగ్గరే ఆగుతుంది. శాస్త్రం ఎంత ముందుకు పోయినా ఈ సంగతి మాత్రం ఉన్నచోటే ఉంది.

ఆ యంత్రం అసలు పేరు ఇంగ్లీషులో చాంతాడంత ఉంటుంది. హనుమకొండ దవాఖానలో ఊడ్చేవాళ్ల దగ్గర్నుంచి డాక్టర్ల దాకా అందరూ దాన్ని కావడి అనేవారు. రెండు కుర్చీలు, నడుమ బీరువా అంత పెట్టె, పెట్టెలోంచి రెండు తొడుగులు. తడి తువ్వాలు చుట్టినట్టు తలకు చల్లగా తగులుతాయి. ఒక కుర్చీలో దిగులు జబ్బు మనిషి, రెండో కుర్చీలో ఆ మనిషితో ఒకే కప్పు కింద బతికినవాళ్లు ఎవరైనా. యంత్రం ఆ తలలోని దిగులు బరువును తోడి ఈ తలలో పోస్తుంది, ఈ తలలోని చురుకును అటు పంపిస్తుంది. రెండు మూడు రోజుల దాకా అది నిలుస్తుంది, తర్వాత ఎవరిది వాళ్లకు మెల్లగా తిరిగొచ్చేస్తుంది. "బరువు మాయం కాదు, భుజం మారుతుందంతే" అని డాక్టర్ హైమవతి మొదటి రోజే చెప్పింది. ఆ పెట్టెను కనిపెట్టింది ఆమే. చెప్పేటప్పుడు మంచిమాట చెప్పినట్టు చెప్పలేదు, ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది.

అటు కుర్చీలో కూర్చునేది సదానందం తల్లి భూలక్ష్మమ్మ. ఊరందరికీ భూలచ్చవ్వ.

భూలచ్చవ్వకు వచ్చిన జబ్బుకు కారణం ఎవరికీ దొరకలేదు. భర్త పోయి చాలా ఏళ్లయింది, ఆ ఏడుపు అప్పుడే ఏడ్చేసింది. కొడుకు దగ్గరే ఉన్నాడు, కోడలు మంచిది, కూతురు పక్క ఊళ్లోనే ఉంది. ఒక వానకాలం జడ వేసుకోవడం మానేసింది. తర్వాత అన్నం తగ్గించింది. ఆ తర్వాత గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టి, మెల్లగా మరవడం మొదలుపెట్టింది. పొద్దున తిన్నదేమిటో, వీధిలో మూడో ఇల్లు ఎవరిదో, చివరికి వరసలు. వరసలు మరిచిందని తెలిసిన రోజు ఇంట్లో అందరికీ గుండెలు జారాయి. ఎందుకంటే చుట్టుపక్కల ఊళ్లలో తమవాళ్లలో ఏ సంబంధం కుదరాలన్నా భూలచ్చవ్వ గడప తొక్కాల్సిందే. ఫలానా పిల్లకు ఫలానా పిల్లవాడు ఏమవుతాడు, మేనబావా, అన్నా, బాబాయా, నాలుగు తరాల వెనక్కి పోయి చిటికెలో చెప్పేది. ఆమె అవునంటే తాంబూలాలు, కాదంటే అక్కడితో సరి.

అందరూ మతిమరుపు జబ్బనుకున్నారు. డాక్టర్ హైమవతి కాదంది. "జ్ఞాపకాలు చెడిపోలేదు. దిగులు వాటిమీద కూర్చుంది. లేచి వెతుక్కునే ఓపిక మెదడుకు లేదు, అంతే" అని చెప్పింది. మందులు చాలా మార్చారు. ఒక్కటీ ఆ ఒంటికి పట్టలేదు. అప్పుడు కావడి మాట వచ్చింది.

స్వరూప మొదటిసారి కూర్చున్నప్పుడు ఒక ఆశతో కూర్చుంది. అత్తమ్మ దిగులంతా తన తలలోకి వస్తే, ఆ దిగులు ఎందుకో తెలుస్తుంది కదా అనుకుంది. ఏ పాత బాధో, ఎవరితోనూ చెప్పుకోని మాటో, తన వల్ల జరిగిన తప్పో ఏదో ఒకటి బయటపడుతుందని లోపల కొంచెం భయపడింది కూడా. ఏమీ బయటపడలేదు. ఆ దిగులులో కథ లేదు. మనుషులు లేరు. వట్టి బరువు. చెయ్యి ఎత్తాలంటే ఎందుకెత్తాలో తెలియని బరువు. ఎదురుగా గోడమీది గడియారం కనబడుతుంది, ముల్లు ఎక్కడుందో కనబడుతుంది, కానీ టైమెంతో లెక్కగట్టుకోవాలనిపించదు. ఇన్నాళ్లూ అత్తమ్మ దీని కిందనా పడుకుంది అనుకుంది. ఆ జాలి కూడా సగంలోనే చప్పబడిపోయింది.

కావడి దిగిన మర్నాడు ఇల్లు ఇల్లులా ఉండేది. భూలచ్చవ్వ పొద్దున్నే తలస్నానం చేసి, జడ వేసుకుని, చాయ గ్లాసుతో అరుగుమీద కూర్చునేది. వీధిలో పోయేవాళ్లను పోనిచ్చేది కాదు.

"ఏమిరా ఐలయ్యా, కొడుక్కు పిల్ల దొరికిందట గద. నాకు చెప్పకుంటనే పప్పన్నం పెడుదామనుకున్నవా?"

"అయ్యో, నీకు చెప్పకుంట ఎట్లయితదత్తా! నువ్వు మంచిగైనవని తెలిసే వచ్చిన. పిల్లది నర్సంపేట. ఇంటిపేర్లు వేరే, గోత్రం వేరే. అంతా కుదిరింది."

"అంతా నువ్వే కుదిరిచ్చుకున్నంక నేనెందుకురా? సరే, పిల్ల అమ్మమ్మ ఎవరు?"

ఐలయ్య పేరు చెప్పాడు. భూలచ్చవ్వ చాయ గ్లాసు కింద పెట్టింది.

"ఆగాగు. మీ అత్తకు ఒక చెల్లె ఉండె, నీకెర్కనా? పసిపిల్లప్పుడే పిల్లలు లేనోళ్లు తీస్కపోయి సాదుకున్నరు. మళ్ల ఇటు రానియ్యలే. ఆమెనేరా ఈమె. అంటే నీ పెండ్లాం, ఆ పిల్ల తల్లి ఏమైండ్రు?"

"అక్క… చెల్లెండ్లు."

"మరి పిల్లలు?"

ఐలయ్య నోరు తెరుచుకునే ఉంది. "అన్నాచెల్లెండ్లయితరు గదత్తా."

"పో, పోయి వాళ్లకు మంచిగ చెప్పు. పిల్లను బద్నాం చెయ్యకుండ్రి. అమ్మమ్మను మాత్రం నీ పెండ్లాం ఓసారి పోయి చూసి రావాలె. సొంత చిన్నమ్మ ఆమె."

వీధంతా ఆ మాటే చెప్పుకుంది. భూలచ్చవ్వ లేకపోతే ఎంత పని జరిగేది అన్నారు. సదానందం దుకాణంలో వచ్చినవాళ్లకల్లా చెప్పి మురిసిపోయాడు.

స్వరూప ఇదంతా లోపలి గదిలోంచి విన్నది. కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉంది. ఆమె ఆ వీధిలో పేరున్న టైలరు. పెళ్లి జాకెట్లకు ఆమె దగ్గరికే వస్తారు. అరుగుమీద నవ్వులు వినబడుతున్నాయి, ఎక్కడో పక్క ఊళ్లో వినబడుతున్నట్టు. అత్తమ్మ ఇలా పరాచికాలాడుతుంటే వినాలని స్వరూప ఎన్ని నెలలు ఎదురుచూసింది! పెళ్లై వచ్చిన కొత్తలో తనను నవ్వించి నవ్వించి పుట్టింటి బెంగ పోగొట్టింది ఈ మనిషే. ఇప్పుడు ఆ మనిషి తిరిగొచ్చింది. వచ్చిన రోజున స్వరూప ఇంట్లో ఉండీ లేదు. స్వరూప తేరుకునే రోజుకు అత్తమ్మ మళ్లీ గోడవైపు తిరిగిపోతుంది. ఒకే ఇంట్లో ఉంటూ ఇద్దరూ ఒకరికొకరు చిక్కకుండా పోయారు. అన్నింటికన్నా స్వరూపను కోసింది ఇదే, అదీ కోత తెలిసే రోజుల్లో.

బరువు ఉన్న రోజుల్లో ఆమెకు తెలివి కూడా మందగించేది. కొలతలు రాసుకుని, ఎవరివో మరిచిపోయేది. ఒకసారి పెళ్లికూతురి పట్టు జాకెట్టుకు రెండు చేతులూ ఎడమవైపువే కత్తిరించింది. పిల్ల తల్లి వచ్చి నెత్తి బాదుకుంటే, ఆ గుడ్డముక్కల్ని చూస్తూ నిలబడింది. అయ్యో అనాలని తెలుసు. అయ్యో రాలేదు. కూతురు మౌనిక బడి నుంచి వచ్చి "అమ్మా, నాకు ఫస్టొచ్చింది" అంటే "దేంట్ల?" అని కూడా అడగలేదు. ఆ పిల్ల కాసేపు నిలబడి, నాయనమ్మ దగ్గరికి పోయి చెప్పుకుంది. నాయనమ్మ ముద్దులు పెట్టుకుంది.

ఐలయ్య వచ్చి పోయిన రోజే, మధ్యాహ్నం, స్వరూపకు పరకాల నుంచి ఫోనొచ్చింది. చేసింది తమ్ముడు రాజేందర్.

"అక్కా, అమ్మకు మూతి వంకరపోతాంది. మాట తడవడుతాంది. దవాఖానకు తీస్కపోతానం. నిన్నే అడుగుతాంది, స్వరూపను పిలువు స్వరూపను పిలువు అని. జెప్పన రా."

"సరే" అంది స్వరూప.

ఫోన్ మిషన్ పక్కన పెట్టింది. లేవాలి. చెప్పులేసుకోవాలి. బస్టాండుకు పోవాలి. పరకాల బస్సులు ఎప్పుడూ ఉంటాయి. అమ్మకు పక్షవాతం వస్తోంది. అన్నీ తెలుసు. మరిచిపోయి ఉంటే ఆమెకు ఎంతో సుఖంగా ఉండేది; ఆమె దేన్నీ మరిచిపోలేదు. లేవలేదు, అంతే. కాళ్లు తనవి కావన్నట్టు ఉన్నాయి. లేచి మాత్రం ఏం లాభం అని ఎవరో లోపల నిదానంగా చెబుతున్నారు. పొద్దుగూకేటప్పుడు ఫోన్ మళ్లీ మోగింది. అది మోగి ఆగిపోయేదాకా చూస్తూ కూర్చుంది.

మర్నాడు రాజేందర్ సదానందానికి చేసి అరిచాడు. సదానందం పరుగున వచ్చి స్వరూపను బండిమీద ఎక్కించుకుపోయాడు. అప్పటికి తల్లికి మాట పూర్తిగా పడిపోయింది. కూతుర్ని చూసి పెదవులు కదిపింది. ఏమీ రాలేదు. తమ్ముడు అక్కతో మాట్లాడలేదు. స్వరూపకు అప్పుడు కూడా ఏడుపు రాలేదు. తర్వాత వచ్చింది, బరువు దిగాక, ఎవరి చీరకో ఫాల్ కుడుతుంటే. చీర తడవకుండా పక్కన పెట్టి, కూలబడి ఏడ్చింది.

కావడికీ కావడికీ నడుమ ఒక పూట ఉండేది. అత్తమ్మ తెలివి ఇంకా పూర్తిగా మునగదు, కోడలి బరువు చాలావరకు దిగుతుంది. వాళ్లిద్దరికీ దక్కింది ఆ పూటే. అలాంటి ఒక సాయంత్రం భూలచ్చవ్వ వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ అడిగింది.

"పరకాల వదినె ఈ నడుమ ఫోన్ చేస్తలేదేందే పిల్లా? నామీద అలిగిందా?"

వియ్యపురాలిని ఆమె ఎప్పుడూ నోరారా వదినె అనే పిలిచేది.

"అమ్మకు మాట పడిపోయిందత్తమ్మా."

భూలచ్చవ్వ చేతిలో కాయ చేతిలోనే ఉంది. "ఎప్పుడు?"

"నువ్వు ఐలయ్య సంబంధం ఆపిన దినం."

"నాకెవలు చెప్పలేదేందే! మరి నువ్వు పోతివా?"

"ఆ దినం పోలే."

"ఏం? తల్లికి గట్లయితే పోకుంట ఏం చేసినవ్?"

"లేవబుద్ధి కాలే అత్తమ్మా."

భూలచ్చవ్వ తుంచుతున్న కాయను పక్కన పెట్టింది. ఆ మాట ఆమెకు కొత్తది కాదు. అన్నానికి లేవమన్నప్పుడు, స్నానానికి లేవమన్నప్పుడు, మనవరాలు చెయ్యి పట్టి లాగినప్పుడు, ఆమె చెప్పిన మాట అదే.

"అది నా మాట గదనే" అంది. "నా మాట నీ నోట్లె ఎందుకొచ్చిందే?"

మర్నాడు పొద్దున కొడుకు ఇడ్లీ తింటుంటే ఎదురుగా కూర్చుని చెప్పింది. "నేనిగ ఆ కుర్చీల కూసోను. నన్నిట్లనే పండుకోనియ్యుండ్రి."

సదానందం తినడం ఆపాడు. "అవ్వా, దిగులు షురువైతాందా మళ్ల?"

"దిగులు గాదురా. తెలివితోనే చెప్తాన."

"గిట్లనే అంటరు అని డాక్టరమ్మ ముందే చెప్పిందవ్వా. పోదాం పా, వంతు ఇయ్యాల్నే."

డాక్టర్ హైమవతి చెడ్డ మనిషి కాదు. భూలచ్చవ్వ చెయ్యి పట్టుకుని ఓపిగ్గా విన్నది. "నాకొద్దు, నాకెందుకు, నేనెవరికి అక్కర అనడం ఈ జబ్బు మాట, అవ్వా. ఆ మాట విని ఊరుకుంటే మా దగ్గర ఒక్కరూ బాగుపడరు. మీకిప్పుడు మాట్లాడే తెలివొచ్చిందీ కావడి వల్లే కదా?" అంది. తర్వాత స్వరూపవైపు తిరిగింది. "మీరు చెప్పండి. మోయలేకపోతున్నారా? దాచుకోవద్దు."

భర్త చూస్తున్నాడు. అత్త చూస్తోంది. అత్త కళ్లు చెప్పవే, చెప్పవే అంటున్నాయి. ఆ కళ్లలో వెలుగును చూసే స్వరూప నోరు పడిపోయింది. నిన్ను మోయలేనని అత్త ఎదురుగా అనే నోరు ఏ కోడలికుంటుంది? అందులోనూ నవ్వించి సాకిన అత్తను.

"ఏం లేదు మేడమ్. మంచిగనే ఉన్న" అంది.

ఆ రోజు కావడి దిగాక అత్తాకోడళ్లను కాసేపు వసారాలో బెంచీమీద కూర్చోబెట్టారు. పక్కనే ఒక పెద్దాయనను పరీక్ష చేస్తున్నారు, తలుపు తెరిచే ఉంది. ఆయన నీటుగా దువ్వుకున్న తలతో, నవ్వుముఖంతో ఉన్నాడు. ఇది ఏ ఊరంటే తడుముకోకుండా హైదరాబాదన్నాడు. భార్య ఎక్కడంటే వంట చేస్తోందన్నాడు. ఆయన పక్కనే నిలబడి ఉన్న భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. హైమవతి బయటికొచ్చి, వెంట ఉన్న ఇద్దరు చిన్న డాక్టర్లకు చెప్పింది.

"తేడా పట్టుకోవాలి మీరు. దిగులు జబ్బు మనిషిని అడిగితే తెలియదంటారు, లేదా మాట్లాడరు. అది మంచి గుర్తు. ఈయన తెలియదనడు. ఏదో ఒకటి చెప్తాడు, ధీమాగా చెప్తాడు, తప్పు చెప్తాడు. ఇక్కడ మెదడే కరిగిపోతోంది. మొదట్లో స్కానింగులో కూడా ఈ రెండూ విడిగా కనబడవు, ఈ ప్రశ్నలే మనకు దిక్కు. ఇలాంటివాళ్లను పొరపాటున కూడా కావడికి కూర్చోబెట్టకూడదు. మోసేవాళ్ల మెదడుకు కూడా ఆ చెద పాకుతుంది."

స్వరూప నేలమీది గళ్లను చూస్తూ కూర్చుంది. అత్తమ్మ బెంచీమీద ముందుకు వంగి, చెవి అటు పెట్టి, సంబంధాల సంగతి వినేటప్పుడు వినే తీరున విన్నది. స్వరూప చూసింది, ఏమీ అనుకోలేదు. అనుకునే ఓపిక ఆమెకు లేదు.

తర్వాతి పరీక్ష వానలో వచ్చింది. అప్పటికి భూలచ్చవ్వ మళ్లీ మునుగుతోంది. అన్నం ముట్టడం లేదు, ఆటో ఎక్కించడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. స్వరూప తల మాత్రం ఆ రోజు తేటగా ఉంది. తేటగా ఉన్నందుకే ఆమెకు భయం తెలుస్తోంది. మరికాసేపట్లో ఆ చల్లటి తొడుగు పెడతారు. ఈసారి మోస్తే మళ్లీ ఏది పోతుందో! అమ్మ పోతే లేవగలదా? పిల్ల ఏడిస్తే లేవగలదా? మొక్కని దేవుడు లేడు.

"అవ్వా, మనం ఏ ఊళ్లో ఉన్నాం?" అని మొదలుపెట్టింది హైమవతి.

"కరీంనగర్ల" అంది భూలచ్చవ్వ.

సదానందం తల ఎత్తాడు.

"ఇప్పుడు ఏ కాలం?"

"ఎండకాలం." కిటికీ అద్దం మీద వాన ధారలు కడుతోంది.

"ఈయనెవరు?"

"మా మరిది."

సదానందం నవ్వబోయి ఆగిపోయాడు. హైమవతి రాస్తున్న చెయ్యి నెమ్మదించింది. "మీ ఆయన ఎక్కడున్నారు అవ్వా?"

"బయట చాయ తాగుతాండు. పిలువుండ్రి, పొద్దువోయింది, ఇంటికి పోవాలె."

ఒక్కదానికీ తడుముకోలేదు. ఒక్కటీ తెల్వదనలేదు. హైమవతి స్వరూపను దగ్గరికి రమ్మని, అవ్వ ఎదురుగా నిలబెట్టింది. "మరి ఈమె?"

భూలచ్చవ్వ కోడలి ముఖంలోకి చూసింది. అంతసేపట్లో ఆమె ఆగింది అక్కడే.

"ఈమె ఎవలో నాకేమెరుక? మా ఇంటి మనిషి గాదు. ఈమెకూ మాకూ ఏ వరసా లేదు. ఉత్తగ తెచ్చి ఇక్కడ కూసోవెట్టుకున్నరు. వాళ్లింటికి పంపుండ్రి పాపం. తల్లి ఎదురుచూస్తుంటది."

దిగులు ఎంత ముదిరిన రోజుల్లో కూడా అత్తమ్మ నోట తప్పు వరస రాలేదు. రాకపోతే మౌనంగా ఉండేది, నోటికొచ్చింది అనేది కాదు. వరస తప్పు చెప్పడం ఆమెకు తప్పుడు పని చేయడంతో సమానం. ఇప్పుడు వరసగా అన్నీ తప్పులే చెప్పింది, కొడుకును మరిదిని చేసింది, చచ్చినవాడిని చాయ తాగించింది. ఆమె పైపెదవి మీద చెమట పట్టి ఉంది. ఒళ్లోని చేతులు కొంగును చిరిగేలా మెలిపెడుతున్నాయి. ఆ బరువు ఎలాంటిదో స్వరూపకు తెలుసు. దాని కింద ఉన్న మనిషికి ఉన్నమాట చెప్పడానికే పెదవి లేవదు. అలాంటిది లేనిమాటలు వెతికి, పేర్చి, జంకకుండా చెప్పాలంటే ఈమె లోపల ఎంత తవ్వుకుని ఉండాలి!

మేడమ్, అబద్ధం చెప్తాంది. ఆ మాట స్వరూప గొంతుదాకా వచ్చింది. ఒక్క మాట అంటే చాలు. అత్తమ్మ మళ్లీ అరుగుమీద కూర్చుంటుంది, వీధిని నవ్విస్తుంది, పిల్లల పెళ్లిళ్లు సరిచేస్తుంది. స్వరూప చెయ్యవలసిందల్లా పక్క కుర్చీలో కూర్చోవడం.

స్వరూప ఆ మాట మింగేసింది. మింగడం ఇంత సులువుగా ఉంటుందని ఆమె అనుకోలేదు.

హైమవతి కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచింది. "కావడి ఆపేస్తున్నాను. మొదట్లో నేనే పొరబడ్డానో, తర్వాత ఇది వచ్చి కలిసిందో చెప్పలేను" అంది సదానందంతో. "ఇంట్లో అప్పుడప్పుడు అడుగుతూ ఉండండి. ఎవరినైనా సరిగ్గా గుర్తుపట్టి వరస చెప్పిందంటే, ఒక్కసారి చెప్పినా సరే, వెంటనే తీసుకురండి. మళ్లీ మొదలుపెడదాం."

సదానందం వసారాలో స్తంభానికి ఆనుకుని ఏడ్చాడు. తల్లి తనను మరిచిపోయిందని ఏడ్చాడు. స్వరూప అతని వీపుమీద చెయ్యి వేసి నిలబడింది.

ఆ తర్వాత వీధి భూలచ్చవ్వను మెల్లగా వదిలేసుకుంది. సంబంధాలవాళ్లు గేటు దగ్గరికొచ్చి, పరిస్థితి తెలుసుకుని, అయ్యో అని వెళ్లిపోయేవారు. సదానందం రోజూ దుకాణం మూసి రాగానే మంచం దగ్గర కూర్చుని "నేనెవర్నే అవ్వా?" అనేవాడు. కొన్నాళ్లు ఆమె ఎలాగో కూడదీసుకుని ఏదో ఒక తప్పు చెప్పేది. తర్వాత ఆ శక్తి కూడా పోయింది. కళ్లు తెరిచేది, మూసుకునేది. అది ముదిరిన లక్షణమని అతను అనుకున్నాడు.

స్వరూపకు అన్నం రుచి తెలిసింది. దారాల రంగులు మళ్లీ రంగుల్లా కనబడ్డాయి. వారానికోసారి పరకాల పోయి తల్లి చేతికీ కాలికీ నూనె రాసి వస్తోంది. తమ్ముడు మాట్లాడుతున్నాడు. తల్లి నోట అప్పుడప్పుడు ఒక ముక్క, అర ముక్క వస్తోంది. మౌనిక పక్కలో పడుకుని బడి కబుర్లు చెబుతుంటే, స్వరూప అన్నీ వింటోంది, మధ్యలో అడుగుతోంది కూడా. ఆమె సంతోషంగా ఉంది. నిజానికి చాలా సంతోషంగా ఉంది. వంటింట్లో పాట కూనిరాగం తీస్తూ తీస్తూ, పక్కగదిలోని మంచం గుర్తొచ్చి, తనమీద తనకే అసహ్యం వేసి ఆపేసేది.

ఒకనాడు దీపాలు పెట్టే వేళకు అత్తమ్మకు జావ తాగించడానికి కూర్చుంది. చిక్కులు పడిన జుట్టును వేళ్లతో సవరించింది. సదానందం ముందుగదిలో బూట్లు విప్పుకుంటున్నాడు. ఎందుకడిగిందో తనకే తెలియదు, చెవి దగ్గర వంగి అడిగేసింది.

"అత్తమ్మా, నేనెవర్ని?"

జవాబు రాకూడదనే అడిగింది. చెంచా జావలో పెట్టబోతుండగా, కళ్లు తెరవకుండానే, అడుగునుంచి తోడినట్టు ఒక్కొక్క మాటా వచ్చింది.

"నా కోడలివి. పరకాల వదినె బిడ్డవు." కాస్త ఆగింది. "వదినెకు మాటొచ్చిందా?"

గిన్నె ఒరిగి జావ దుప్పటిమీద ఒలికింది.

"కొంచెం కొంచెం వస్తాందత్తమ్మా" అంది గొంతు తగ్గించి.

భూలచ్చవ్వ ముఖంలో ఏమీ మారలేదు. మారడానికి అందులో ఏమీ మిగల్లేదు. మెల్లగా గోడవైపు ఒత్తిగిలింది.

ముందుగదిలోంచి సదానందం గబగబా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఒక కాలికి ఇంకా బూటు ఉంది. "అవ్వ మాట్లాడినట్టు వినవడ్డది. ఏమన్నది? గుర్తువట్టిందా నిన్ను?"

అతని ముఖమంతా ఆశే. స్వరూప దుప్పటిమీద పడిన జావను కొంగుతో తుడుస్తూ ఉండిపోయింది. తుడవడం అయిపోయింది. ఇంకా తుడిచింది.

"లేదు" అంది. "నన్ను విజయ అన్నది."